'యకుమొ' అంటే ఎనిమిది మబ్బులా? ఒక ఇంగ్లీషు మాస్టారి జపాను పేరు మీద చర్చ

ప్రశ్నార్థకం:
లఫ్కాడియో హెర్న్ మీద చిన్న వ్యాసం రాస్తున్నాను. 1850లో గ్రీకు దీవిలో పుట్టి, డబ్లిన్‌లో పెరిగి, అమెరికాలో విలేకరిగా బతికి, 1890లో జపాను చేరిన మనిషి. అక్కడ మత్సుఎ అనే ఊళ్లో ఇంగ్లీషు మాస్టారయ్యాడు, చివరికి ఆ దేశ పౌరుడే అయిపోయాడు. జపాను పేరు కొఇజుమి యకుమొ. తెలుగులో 'యాకుమో' అని కూడా చూశాను. ఏది సరి? 'ఎనిమిది మబ్బులు' అని అర్థమట. ఎనిమిదే ఎందుకు?

తాలవ్యం:
యకుమొ. మూడూ హ్రస్వాలే. ఇంగ్లీషు లిపిలో హ్రస్వదీర్ఘాల తేడా తెలియదు కాబట్టి మనవాళ్లు తోచిన చోటల్లా దీర్ఘం లాగుతారు. హ్రస్వ ఎ, ఒ మనకు ఉండనే ఉన్నాయి, వాడుకుందాం.

ఇంకో మాట. ఆ ఊరి పేరు 'మత్సుఎ' అని రాస్తే మనం త మీద ఊనికతో, సంయుక్తాక్షరంలా పలుకుతాం. జపాను నోట అది ఒకే హల్లు, మన దంత్య చకారం. 'ౘుక్క', 'ౘూపు'లో ఉన్న ౘు. కాబట్టి మౘుఎ. ఆ ప్రాంతం పేరు కూడా ఇజుమొ కాదు, దంత్య జకారంతో ఇౙుమొ. బళ్లో మానేసిన అక్షరాలు ఇలా అక్కరకొస్తాయి.

గణయతి:
పేరు ఒక పద్యంలోంచి వచ్చింది. 712లో కూర్చిన కొజికి గ్రంథంలో ఉంది, సుసనొఒ అనే దేవుడు చెప్పినట్టు. జపాను ఛందస్సుకు ఇదే మొదటి పద్యమని వాళ్ల సంప్రదాయం.

యకుమొ తౘు
ఇౙుమొ యఎగకి
ౘుమగొమి ని
యఎగకి ౘుకురు
సొనొ యఎగకి ఒ

లెక్క 5-7-5-7-7. వాళ్లు లెక్కపెట్టేది మన మాత్రలాంటిదే. ఈ పద్యంలో దీర్ఘాలు లేవు, అన్నీ లఘువులే అనుకుని వేళ్ల మీద లెక్కేసుకోండి.

'య' ఎనిమిది, 'కుమొ' మబ్బు, 'తౘు' లేచు. 'యఎ' అంటే ఎనిమిది పొరల, 'కకి' కంచె, 'ౘుమ' భార్య. భావం: మబ్బులు పొరలుపొరలుగా లేస్తున్న ఇౙుమొలో పొరలుపొరలుగా కంచె. నా భార్యను లోపల ఉంచుకోవడానికి పొరల కంచె కడుతున్నాను, ఆహా ఆ పొరల కంచెను!

ఎనిమిదంటే లెక్క కాదు, బోలెడన్ని అని. ఒకడు అష్టవంకర్లు తిరిగాడంటే ఎవరూ లెక్కపెట్టరు కదా. 'యకుమొ తౘు' ఇౙుమొకు ముందు వచ్చే విశేషణం. పాత కవిత్వంలో ఫలానా ఊరి పేరుకు ముందు ఫలానా మాట రావాలని ఉంటుంది. కాబట్టి యకుమొ అనగానే చదువుకున్న జపానువాడి మనసులో తరవాతి మాట ఇౙుమొయే. మౘుఎ ఉన్నది ఆ సీమలోనే.

ప్రశ్నార్థకం:
'కకి' అన్నారు, పద్యంలో 'గకి' ఉంది?

తాలవ్యం:
సమాసంలో రెండో మాట మొదటి పరుషం సరళమవుతుంది. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు, కూర, కాయ కలిస్తే కూరగాయ అయినట్టు. 'ౘుమగొమి'లో గొ కూడా అంతే. (ఇక్కణ్నుంచి ఎవరూ తమిళ జపనీస్ చుట్టరికంలోకి దూకొద్దని మనవి. ఆ వాదాన్ని భాషాశాస్త్రవేత్తలు చాలామంది ఒప్పుకోలేదు. పోలిక పోలికే.)

చాక్‌పీసు:
నేను ఇంగ్లీషు మాస్టారిని కాబట్టి నాకు హెర్న్ బడి రోజులంటే ఇష్టం. మౘుఎ మీద రాసినప్పుడు కంటికంటే ముందు చెవికి పని చెప్పాడు. తెల్లవారగానే బియ్యం దంచే రోకటి చప్పుడు, గుడి గంట, కూరలమ్మేవాళ్ల కేకలు, వంతెన మీద చెక్క చెప్పుల టకటక. చిన్నప్పుడే ఎడమకన్ను పోయింది, రెండోది దగ్గరివి తప్ప చూడలేదు. అందువల్లే కావచ్చు.

పిల్లలకు ఫూజీ పర్వతం మీద వ్యాసం ఇస్తే దాదాపు అందరూ ఒకటే రాశారట: ఆకాశంలో తలకిందులుగా వేలాడే తెల్ల విసనకర్ర. మొదట ఊహ లేదేమో అనిపించే సంగతే. కానీ ఈ ఊహలు వీళ్లకోసం ఎప్పుడో శతాబ్దాల కిందటే తయారయ్యాయని పట్టుకున్నాడు. మన భాషలో అది కవిసమయం. ముఖానికి చంద్రుడు, నడకకు హంస అని రాసిన పిల్లవాడికి మార్కులు తగ్గించం కదా. కొత్త దేశం వెళ్లిన మాస్టారు ఎర్రసిరా తీసే ముందు అది తప్పా, పద్ధతా అని ఆలోచించాడు. అందరూ చేయరు.

ఎదురుమాట:
పొగడ్త కొంచెం ఎక్కువైంది మాస్టారూ. ఆయన మౘుఎలో ఉన్నది 1890 ఆగస్టు చివరి నుంచి 1891 నవంబరు దాకా, అంతే. చలికి తట్టుకోలేక దక్షిణాన కుమమొతొకు వెళ్లాడు. ఆ ఊరు నచ్చలేదు. తరవాత కోబె, ఆపైన టోక్యో. టోక్యోనూ తిట్టుకున్నాడు. రైళ్లు, ఫ్యాక్టరీలు, సైన్యంతో మారిపోతున్న జపాను ఆయనకు అక్కర్లేదు. జపనీస్ బాగా చదవడమూ రాలేదు. మెచ్చుకున్నది దేశాన్నా, తన ఊహనా?

గణయతి:
ప్రశ్న సబబే. పేరు చూస్తే జవాబు కొంత దొరుకుతుంది. 1896లో పౌరుడయ్యేనాటికి ఆయన మౘుఎ వదిలి నాలుగేళ్లు దాటింది. అయినా పెట్టుకున్నది ఫూజీ పేరో, దేశం మొత్తానికి చెల్లే మాటో కాదు, ఇౙుమొ విశేషణం. ఆయన ప్రేమకు అడ్రసుంది. పుట్టినప్పటి లఫ్కాడియో కూడా ఊరి పేరే, లెఫ్కాద దీవి నుంచి వచ్చింది. అంటే మొదటి పేరూ చివరి పేరూ నేల ఇచ్చినవే.

భాష సంగతికొస్తే, భార్య సెౘు సమురాయి ఇంటి ఆడపిల్ల, ఆమెకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇద్దరి మధ్య విభక్తులు రాలిపోయి, క్రియలు మారకుండా నిలిచిపోయిన ఒక ఇంటి జపనీస్ పుట్టింది. మన భాషలో చెప్పాలంటే 'నిన్న నేను గుడి వెళ్లు, గంట విను' అన్నట్టు. ఊళ్లో ఆయన్ని హెరున్ అని పిలిచేవారు కాబట్టి దీన్ని హెరున్ గారి భాష అన్నారు. ఆ భాషలోనే ఆమె పాత దయ్యాల కథలు చెప్పింది. పుస్తకం చూడొద్దు, నీ మాటల్లో, నీ ఆలోచనతో చెప్పు అని పట్టుబట్టేవాడని ఆమె జ్ఞాపకాల్లో ఉంది. 1904లో అచ్చయిన కథల వెనక ఉన్నది ఆ విభక్తుల్లేని జపనీసే. చదవడం రాకపోవడం లోటే, కాదనను. కానీ చదవడం వచ్చినవాడు ఆమెను అంతగా అడిగేవాడా అని నా అనుమానం.

చాక్‌పీసు:
కొఇజుమి ఆమె ఇంటిపేరే కదండీ. అంటే ఇల్లరికమన్నమాట!

గణయతి:
అక్షరాలా. ఇంటిపేరు ముందు రావడం కూడా మనలాగే. సరదాకి పెట్టుకున్న పేరు కాదిది. అప్పటి చట్టాల్లో విదేశీయుడి భార్యగా ఉంటే సెౘుకూ పిల్లలకూ ఆస్తిహక్కులు చిక్కుల్లో పడతాయి. ఆమెను బ్రిటిష్ పౌరురాలిని చేస్తే సొంత దేశంలోనే పరాయిదవుతుంది. అందుకని ఆయనే ఆ ఇంటి మనిషయ్యాడు. స్థానికుడైతే విదేశీ ఉపాధ్యాయుల జీతం దక్కదేమోనన్న టెన్షన్ ఉన్నా సరే.

ఇప్పుడు పద్యం మళ్లీ చూడండి. సుసనొఒ స్వర్గం నుంచి వెళ్లగొట్టబడి ఇౙుమొకు వచ్చిన పరాయివాడు. ఎనిమిది తలల పామును చంపి, అక్కడి పిల్లను పెళ్లాడి, ఇల్లు కట్టుకుంటూ చెప్పిన పద్యమిది. వ్యాఖ్యలు మబ్బుల దగ్గరే ఆగిపోతుంటాయి. నాకైతే ఇది గృహప్రవేశం పద్యం. 'ౘుమగొమి ని' అన్న మూడో పాదమే దీనికి ఆయువుపట్టు. 1896 కాగితాలు హెర్న్ కట్టిన కంచె.

ఎదురుమాట:
ఈ చదువు నచ్చింది. కానీ 'లోపల ఉంచుకోవడానికి' అంటే కాపాడుకోవడమా, బంధించడమా? నేటి చెవికి కంచె అంటే ముళ్లతీగ.

గణయతి:
'కొము' లోపల ఉండటం, ఉంచడం, రెంటికీ చెల్లుతుంది. ఆ సందిగ్ధం మూలంలోనే ఉంది, తెలుగులో తుడిచేయకూడదు. మాత్రల లెక్క తప్పకుండా నా ప్రయత్నం:

మబ్బెగసె
ఇౙుమొ కంచెగ
ఆలికై
కంచె కడితిని
ఆ కంచెనే

మూలంలో యఎగకి మూడుసార్లు వస్తుంది. పునరుక్తి దోషమని తగ్గించలేదు, పొరలు కనబడేది అందులోనే. చివర ద్వితీయా విభక్తితో వాక్యం గాల్లో వేలాడటం కూడా మూలంలోదే.

తాలవ్యం:
పాత కాలపు 'కకి'కి దగ్గర మాట 'దడి' అండీ. అల్లినది, ముళ్లతీగ గుర్తురాదు. ఇదిగో:

మబ్బెగసె
ఇౙుమొకే దడి
ఆలికై
దడిని కడితిని
అదిగదిగొ దడి

చివరి పాదం ఏడూ లఘువులే, జపాను నడకకు దగ్గర. మీ విభక్తి పోయింది, ఒప్పుకుంటాను.

ప్రశ్నార్థకం:
వ్యాసంలో దడిదే వేస్తాను, కింద కంచెది కూడా. కానీ ఇద్దరూ ఎనిమిదిని వదిలేశారు!

గణయతి:
'ఎనిమిది'కే నాలుగు మాత్రలు పోతాయి, మొదటి పాదానికి ఉన్నవి అయిదు. మిగిలిన ఒక్క మాత్రలో మబ్బు పట్టదు. 'అష్టమేఘ' అందామంటే ఆరు, పైగా సంస్కృతం కంపు. ఎవరికైనా కుదిరితే ఇక్కడే పెట్టండి.