మొదటిసారి కౌన్సెలింగ్‌కు పోతున్నా, ఏం అడుగుతారు?

మిర్యాలగూడ తమ్ముడు:
రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. వానాకాలం వడ్లు వచ్చినప్పటి నుంచి నిద్ర లేదు, లారీ హారన్ వింటే గుండె దడ. ఎల్లుండి నల్లగొండలో అపాయింట్‌మెంట్. అమ్మకు పంటి డాక్టర్ దగ్గరికని చెప్పాను. అక్కడ ఏం అడుగుతారు? మందులు రాస్తారా? తెలిసినవాళ్లు చూస్తారేమోనని అదో టెన్షన్.

దేవరకొండ అక్క:
తమ్మీ, మొదటిరోజు ప్రశ్నలే ఎక్కువ. నిద్ర, తిండి, పని, ఇంట్లో ఎవరెవరు, తాగుడు అలవాటు. చచ్చిపోవాలనిపించిందా అని కూడా అడగొచ్చు, బెదరకు, అది వాళ్లు మామూలుగా అడిగేదే. నేనైతే సగం సేపు మా అత్తమ్మ గురించే చెప్పాను, కౌన్సెలర్ ఓపిగ్గా రాసుకుంది. ముప్పావుగంట, గంట పడుతుంది. బయటికొచ్చాక మనసేం తేలిక కాలేదు, తలనొప్పి వచ్చింది! కొన్నిసార్లు పోయాక కూడా ఆ మనిషితో కుదరకపోతే వేరేవాళ్లను చూసుకో, మొహమాటం వద్దు.

పాలమూరు నర్సు:
మందులు రాసేది సైకియాట్రిస్ట్. సైకాలజిస్ట్ మాట్లాడతారు, మందులు రాయరు. నీ వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉంది. ప్రాణాపాయం లాంటివాటికి మినహాయింపు ఉంటుంది. ఎల్లుండి దాకా ఆగలేకపోతే 14416కు ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అని సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, రాత్రయినా తెలుగులో మాట్లాడొచ్చు.

మిర్యాలగూడ తమ్ముడు:
థాంక్స్ అక్కా. లారీ సంగతి ముందు చెప్పాలా, నిద్ర సంగతా?

పాలమూరు నర్సు:
ఏదైనా పర్లేదు. థైరాయిడ్, బీపీ రిపోర్టులుంటే పట్టుకుపో, దడకు అవీ కారణం కావచ్చు.