విల్సన్ జబ్బు: ఏ లక్షణమూ లేని ఆడపిల్లకి జీవితాంతం మందు మొదలుపెట్టాలా, ఆగి చూడాలా?

బ్రాడీపేట అమ్మ:
నమస్తే అండీ. మాది గుంటూరు. కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి, ఇంట్లో ఎవరితో మాట్లాడినా గొడవే అవుతోంది. మా బాబుకి 20 ఏళ్ళు, రెండేళ్ళ క్రితం విల్సన్ డిసీజ్, అంటే ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బు, అని తేలింది. ఇంజనీరింగ్ ఫస్టియర్‌లో ముందు రాత మారింది, ముత్యాల్లా రాసేవాడు, అక్షరాలు చిన్నవైపోయి లైను కిందకి జారిపోయేవి, తర్వాత కాఫీ గ్లాసు ఎత్తితే చెయ్యి వణికి సగం చొక్కా మీదే, మాట ముద్ద ముద్దగా వచ్చేది. ఫోన్ పిచ్చి అన్నారు, హాస్టల్ బెంగ అన్నారు, ఎనిమిది నెలలు మనసుకి సంబంధించిందే అని మందులు వాడించాం. చివరికి ఒక కంటి డాక్టరు గారు లైటు వేసి చూసి నల్లగుడ్డు అంచున గోధుమరంగు రింగు ఉందమ్మా, ఇవాళే న్యూరాలజీకి వెళ్ళండి అన్నారు.

పెనిసిలమిన్ అనే మందు మొదలెట్టిన మూడో వారానికి వాడు నడవలేకపోయాడు. డోసు తగ్గించి మెల్లగా పెంచుకుంటూ వచ్చారు, ఏడాది పట్టింది, ఇప్పుడు తనే స్నానం చేస్తాడు, తనే అన్నం కలుపుకుంటాడు. కానీ మా అత్తగారికి మాత్రం "మందు వేశాకే పిల్లాడు పడిపోయాడు" అన్నది మనసులో అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు మా పాప. 17 ఏళ్ళు, ఇంటర్ సెకండియర్. తోడబుట్టినవాళ్ళకి కూడా టెస్ట్ చెయ్యాలంటే ఇన్నాళ్ళూ వాయిదా వేస్తూ వచ్చి మొన్న చేయించాం. రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రొటీన్ 8 (20కి పైన ఉండాలట), 24 గంటల యూరిన్‌లో కాపర్ 130 మైక్రోగ్రాములు, ఎస్‌జీపీటీ 68 (లివరు దెబ్బతింటే పెరిగేది). కంట్లో రింగు లేదు. తనకీ ఉందమ్మా, జింక్ 50 మిల్లీగ్రాములు రోజుకి మూడుసార్లు, జీవితాంతం అన్నారు. మా అత్తగారూ మా ఆయనా గుండ్రాయిలా ఉన్న పిల్లకి మందేంటి, వద్దంటే వద్దు అంటున్నారు. దానికి తోడు, మాది మేనరికం, అత్తగారు నాకు సొంత మేనత్తే, ఆవిడ ఇప్పుడు "మీ తమ్ముడి కొడుక్కి ఇచ్చేద్దాం, మనలో మనకైతే బయట ఎవరికీ చెప్పక్కర్లేదు" అని ఒకటే పోరు. మొదలుపెట్టనా? ఆగనా?

పటమట మాస్టారు:
అమ్మా, ఏమీ అనుకోకండి, నేను ఆగమనే చెప్తాను. 30 ఏళ్ళు ఇంటర్ పిల్లలకి పాఠం చెప్పినవాణ్ణి. ఆ వయసులో పిల్లకి "నువ్వు రోగివి" అని చెప్పామంటే ఆ మాట లోపలికి దిగిపోతుంది. మా అన్నయ్య కూతురికి ఒకే ఒక్కసారి ఫిట్స్ వచ్చాయని మందు పెట్టారు, పిల్ల ఆ తర్వాత కాలేజీ టూరుకి కూడా వెళ్ళలేదు, ఎవరూ పంపలేదు. రోజుకి మూడుసార్లు అంటే ఏడాదికి వెయ్యి పైచిలుకు బిళ్ళలు. ఏ బాధా లేని పిల్ల ఎన్నాళ్ళని మింగుతుంది? మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించండి, ఏమాత్రం తేడా కనబడినా అప్పుడు మొదలెట్టండి. ఈలోపు పరీక్షలైనా ప్రశాంతంగా రాసుకుంటుంది.

కృష్ణలంక 88:
మాస్టారూ, మీరు మంచి మనసుతోనే చెప్తున్నారు, కానీ ఈ జబ్బులో "ఆగి చూద్దాం" అన్నమాటే మా అక్కని తీసుకుపోయింది. నాకూ విల్సనే. అక్కకి 16, నాకు 13. కళ్ళు పచ్చబడితే కామెర్లు అనుకుని పసరు పోయించారు, పథ్యం పెట్టారు, పది రోజుల్లో కోమాలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాతే నాకు టెస్ట్ చేశారు. అక్క కూడా అంతకు నెల ముందు వరకు గుండ్రాయిలానే ఉంది అండీ, స్కూల్లో కబడ్డీ ఆడేది.

అమ్మా, లోపల జరిగేది ఇది. మనం తినే అన్నం పప్పు అన్నిట్లో కాస్త రాగి ఉంటుంది, ఎక్కువైనదాన్ని లివరు పైత్యరసంలో కలిపి బయటికి పంపేస్తుంది. ఆ పని చేసే జీన్ పేరు ఏటీపీ7బీ. అది అమ్మ నుంచి ఒకటి నాన్న నుంచి ఒకటి రెండూ చెడిపోయి వస్తే రాగి లివర్లోనే పేరుకుంటుంది, అది నిండాక రక్తంలోకి వచ్చి మెదడుకీ కంటికీ చేరుతుంది. మీ బాబుది మెదడుకి చేరాక దొరికింది. పాపది ఇంకా లివర్లో ఉండగా దొరికింది. ఎస్‌జీపీటీ 68 అంటే లివరు ఇప్పటికే నలుగుతోందనే కదా. మాస్టారు "తేడా కనబడితే" అన్నారు, ఆ తేడా వచ్చేసింది.

ఇంకోటి కూడా చెప్పాలి. 22 ఏళ్ళప్పుడు బాగానే ఉన్నాను కదా అని 14 నెలలు మందు మానేశాను. పొట్టలో నీరు చేరి హాస్పిటల్లో 40 రోజులు ఉన్నాను. ఇప్పుడు 36, రోజూ వేసుకుంటున్నా, బెంజ్ సర్కిల్ దగ్గర ఉద్యోగం చేసుకుంటున్నా.

కొత్తపేట మందుల షాపు:
గుంటూరు కొత్తపేటలోనే మా షాపు. డాక్టర్ని కాదు, మందు గురించి తెలిసింది చెప్తా. మీ అత్తగారి భయం ఉత్త భయం కాదు అండీ. నరాల లక్షణాలు ఉన్నవాళ్ళకి పెనిసిలమిన్ మొదలెట్టిన కొత్తలో కొందరికి ముదురుతుంది, అందుకే తక్కువతో మొదలెట్టి మెల్లగా పెంచుతారు. అది ఒంట్లో రాగిని పట్టుకుని యూరిన్‌లోకి లాగేస్తుంది. జింక్ దారి వేరు, పేగు గోడల్లో మెటాలోథయోనిన్ అనే ప్రొటీన్‌ని పెంచుతుంది, తిండిలోని రాగి దానికి అంటుకుని రక్తంలోకి వెళ్ళకుండా విరేచనంలో పోతుంది. నిదానంగా పనిచేస్తుంది. లక్షణాలు లేనివాళ్ళకి జింక్ అయినా ఇస్తారు, కాస్త తక్కువ డోసులో పెనిసిలమిన్ లాంటివైనా ఇస్తారు. బాబుకి జరిగింది చూసి పాపకి జింక్ వద్దనడం కరెక్ట్ కాదు.

కానీ షాపుకొచ్చి ఊరికే "జింక్ బిళ్ళ ఇవ్వండి" అనకండి. పిల్లల విరేచనాలకి ఇచ్చే 20 మిల్లీగ్రాములది ఉంటుంది, విటమిన్ బిళ్ళల్లో కలిపినది ఉంటుంది. డాక్టరు రాసిన 50 అంటే అసలు జింక్ 50. జింక్ సల్ఫేట్ అయితే 220 మిల్లీగ్రాముల బిళ్ళలో ఆ 50 ఉంటుంది. సల్ఫేట్ కొందరికి కడుపులో తిప్పుతుంది, ఎసిటేట్ కాస్త నయం. తిండికి గంట ముందైనా వెయ్యాలి, రెండు గంటల తర్వాతైనా వెయ్యాలి. పొద్దున్నే పరగడుపున వేస్తే వాంతొస్తుందని చాలామంది మానేస్తారు, ఆ మొదటి బిళ్ళని టిఫినుకీ భోజనానికీ మధ్యకి జరపొచ్చేమో డాక్టర్ని అడగండి. పాలతో, ఐరన్ బిళ్ళతో కలిపి వెయ్యకండి.

తెనాలి అక్క:
ఇక్కడ అందరూ జింక్ అంటే నీళ్ళలాంటిది, వేసేస్తే సరిపోతుంది అన్నట్టు చెప్తున్నారు, నేను ఒప్పుకోను. మా అమ్మాయికి 12 ఏళ్ళప్పుడు ఇలాగే లక్షణాలు లేకుండా దొరికింది, ఏడాదిన్నర జింక్ వాడాం, ఎస్‌జీపీటీ దిగలేదు సరికదా పెరిగింది, అప్పుడు పెనిసిలమిన్‌కి మార్చారు, దాంతోపాటు బీ6 బిళ్ళ. లివరు మీద ప్రభావం మొదలైనవాళ్ళకి ఒట్టి జింక్ చాలకపోవచ్చని మా డాక్టరు గారే చెప్పారు. కాబట్టి బ్రాడీపేట అమ్మగారూ, మీ పాపకి 68 ఉంది కదా, జింకే ఎందుకు, పెనిసిలమిన్ ఎందుకు కాదు, ఎన్ని నెలల్లో దిగకపోతే మారుస్తారు అని ఈ మూడూ కాయితం మీద రాసుకెళ్ళి అడగండి. అడిగితే ఎవరూ కోప్పడరు.

24 గంటల యూరిన్ విషయం కూడా. ల్యాబువాళ్ళు ఇచ్చిన క్యాన్‌లోనే పట్టాలి, ఇంట్లో బాటిల్లో పడితే దానికున్న మట్టి, లోహం కలిసి లెక్క తప్పొస్తుంది. పొద్దున లేవగానే మొదటిసారిది పారబొయ్యాలి, అక్కడి నుంచి మర్నాడు పొద్దున మొదటిసారిది కలుపుకుని మొత్తం పట్టాలి. కాలేజీ ఉన్న రోజు కుదరదు, మేము ఆదివారం పెట్టుకునేవాళ్ళం, పిల్ల సిగ్గుపడుతుందని బాత్రూంలో బకెట్ వెనకాల పెట్టి పైన తువ్వాలు కప్పేదాన్ని. జింక్ పనిచేస్తుంటే ఆ అంకె దిగుతూ వస్తుంది, వందకి లోపల ఉంచాలని చూస్తారు. పెనిసిలమిన్ మీద మాత్రం ముందు బాగా పెరుగుతుంది, అది చూసి హడలిపోకండి, రాగి బయటికొస్తోందని అర్థం.

అన్నట్టు మీ ఇంట్లో రాగి బిందె ఉందా? ఉంటే ఆ నీళ్ళు ఇద్దరు పిల్లలకీ ఇవాళ్టి నుంచే ఆపండి.

బ్రాడీపేట అమ్మ:
ఉంది అక్కా. అత్తగారు రోజూ రాత్రి చింతపండుతో తోమి నీళ్ళు పోసి పెడతారు, పొద్దున్నే పిల్లలకి ఆ నీళ్ళే ఇస్తారు, ఆరోగ్యం అని. బాబుకి తెలిశాక వాడికి ఆపాం, పాపకి ఆపలేదు. ఇది చదివాక నా చెయ్యి ఆడలేదు.

తెనాలి అక్క:
ఆ నీళ్ళ వల్ల జబ్బు రాలేదమ్మా, పుట్టుకతో వచ్చింది. మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. లివరు, రొయ్యలు, పీతలు, జీడిపప్పు, చాక్లెట్, పుట్టగొడుగులు మొదటి ఏడాది బాగా తగ్గించమన్నారు మాకు, మిగతా తిండి మామూలే.

పటమట మాస్టారు:
ఎస్‌జీపీటీ విషయంలో నేను తొందరపడ్డాను, ఒప్పుకుంటున్నా. మందు మొదలెట్టండి. కానీ పెళ్ళి మాట మీద మాత్రం పెద్దావిడ వైపే నేను. బయట సంబంధాలకి జబ్బు సంగతి చెప్తే ఆ పిల్ల బతుకు ఏమవుతుందో నాకు తెలుసు. బావకి ఇచ్చుకుంటే కడుపులో పెట్టుకుని చూసుకుంటారు, మందు దాచుకుని వేసుకునే ఖర్మ ఉండదు.

కృష్ణలంక 88:
మాస్టారూ, అన్నిట్లోకీ ప్రమాదమైంది అదే. లెక్క చెప్తా చూడండి. అమ్మగారు క్యారియర్, అంటే ఒక జీన్ చెడినా తనకి జబ్బు రాని మనిషి, అది ఖాయం, లేకపోతే పిల్లలకి రాదు. వాళ్ళ తమ్ముడు కూడా క్యారియర్ అయ్యే అవకాశం సగం. ఆయన కొడుక్కి అందులో సగం, అంటే నాలుగో వంతు. పాపలో రెండు జీన్లూ చెడినవే కాబట్టి బావ క్యారియర్ అయితే పుట్టే ప్రతి బిడ్డకీ సగం అవకాశం. మొత్తం మీద ఎనిమిదిలో ఒకటి. బయటి సంబంధం అయితే మామూలు జనంలో సుమారు తొంభైమందిలో ఒకరు క్యారియర్ అంటారు, అప్పుడు నూట ఎనభైలో ఒకటి. ఎనిమిది ఎక్కడ, నూట ఎనభై ఎక్కడ. ఆ అబ్బాయికే ఇవ్వాలనుకుంటే ముందు అతనికి జీన్ టెస్ట్ చేయించండి. మీ బాబు రిపోర్టులో ఏ మార్పు ఉందో తెలిస్తే అదొక్కటే వెతికితే చాలు. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ అనే జీన్ పరీక్షల సంస్థ, నిమ్స్ హాస్పిటల్ కలిపి రేర్ డిసీజెస్‌కి కేంద్రం గుర్తించిన సెంటర్, అక్కడ కనుక్కోండి.

నేను పెళ్ళికి ముందే చెప్పాను. రెండు సంబంధాలు పోయాయి. మూడోసారి మామయ్యగారు నాతోపాటు డాక్టరు దగ్గరికొచ్చి గంటసేపు కూర్చుని అన్నీ అడిగారు, ఆ తర్వాతే తాంబూలాలు.

పటమట మాస్టారు:
నాయనా, నువ్వు మగపిల్లాడివి, ఉద్యోగం ఉంది, రెండు పోయినా మూడోది వచ్చింది. ఆడపిల్లకి రెండు సంబంధాలు తప్పిపోతే ఊరంతా ఎందుకు తప్పాయి అని అడుగుతుంది. ఎనిమిదిలో ఒకటి లెక్క అర్థమైంది, మేనరికం మాట వెనక్కి తీసుకుంటున్నా. చెప్పడం గురించి మాత్రం నా మాట మారదు.

తెనాలి అక్క:
మాస్టారూ, చెప్పకుండా పెళ్ళి చేస్తే అత్తారింట్లో మందు దాచుకోలేక మానేస్తుంది, లేదా కడుపు పండగానే "గర్భంతో ఉండి మందులేంటి" అని మానిపిస్తారు. విల్సన్ ఉన్నవాళ్ళు కడుపుతో ఉన్నా పూర్తిగా మానకూడదు, పెనిసిలమిన్ లాంటివైతే డాక్టరు డోసు తగ్గిస్తారు, జింక్ మామూలుగా కొనసాగిస్తారు. మానేస్తే తల్లి ప్రాణానికే ముప్పు. దాచడం అంటే అంత దూరం వెళ్తుంది.

బ్రాడీపేట అమ్మగారూ, ఇంతమందిమి ఇంత మాట్లాడుతున్నాం, పిల్లకి తెలుసా?

బ్రాడీపేట అమ్మ:
తెలీదు అక్కా. బలానికి బిళ్ళలు అని చెప్దామనుకున్నా. ఇంకో భయం కూడా ఉంది నాకు, రేపు పెనిసిలమిన్ కూడా పడకపోతే? దాని బదులు ఇచ్చే ట్రయెంటిన్ కోట్లల్లో ఉంటుందని ఎవరో అన్నారు.

కొత్తపేట మందుల షాపు:
అది పాత మాట అండీ. విదేశాల నుంచి తెచ్చుకుంటే ఏడాదికి సుమారు 2 కోట్ల 20 లక్షలు అయ్యేది, మన దేశంలో తయారైన జనరిక్ తో 2 లక్షల 20 వేలకి దిగిందని 2023 నవంబర్‌లో కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. మనలాంటివాళ్ళకి అదీ ఎక్కువే, కాదనను. ఫ్రిజ్‌లో పెట్టాల్సిన రకం అయితే మన రోహిణి కార్తెలో కరెంటు పోయినప్పుడు జాగ్రత్త. కానీ అంత దూరం ఇప్పుడే ఆలోచించకండి. 1956లో వాల్ష్ అనే ఇంగ్లండు డాక్టరు పెనిసిలమిన్ వాడి చూపించేదాకా ఈ జబ్బుకి నోటితో మింగే మందే లేదు, మీ పాపకి ఇవాళ మూడు రకాలున్నాయి. పిల్లకి మాత్రం నిజం చెప్పండి. బలానికి అనుకున్న బిళ్ళని ఎవరైనా నాలుగు రోజులు వేసుకుని మానేస్తారు.

బ్రాడీపేట అమ్మ:
వారం తర్వాత రాస్తున్నా. ఆదివారం మధ్యాహ్నం కూర్చోబెట్టి చెప్పాను. ఏడుస్తుందనుకున్నా. "అన్నయ్య ఫైలు నేను ఎప్పుడో చదివానమ్మా, నాకు టెస్ట్ చేసినప్పుడే అనుమానమొచ్చింది, మీరు చెప్తారని చూస్తున్నా" అంది. ఎన్ని రోజులు ఒక్కత్తే మోసిందో. పొద్దున 10:30 ఇంటర్వెల్, సాయంత్రం 5, రాత్రి పడుకోబోయే ముందు అని తనే ఫోన్లో అలారాలు పెట్టుకుంది. తెనాలి అక్క చెప్పిన మూడూ రాసుకెళ్ళి అడిగాం, మూడు నెలలు జింక్ చూసి ఎస్‌జీపీటీ దిగకపోతే పెనిసిలమిన్‌కి మారుద్దాం, తనకి నరాల లక్షణాలు లేవు కాబట్టి అన్నయ్యకి అయినట్టు అయ్యే అవకాశం చాలా తక్కువ అన్నారు. మా ఆయన ఆ మాట విన్నాక ఒప్పుకున్నారు. రాగి బిందె దేవుడి గదిలోకి మారింది, అత్తగారు నాతో మాట్లాడటం లేదు కానీ నిన్న రాత్రి పాపకి స్టీలు గ్లాసులో నీళ్ళు ఆవిడే తెచ్చి ఇచ్చారు.

తమ్ముడికి ఫోన్ చేసి పిల్లాడికి టెస్ట్ చేయించరా అన్నాను. "మా వాడికేం రోగం" అని పెట్టేశాడు. వాడికి కూడా ఒక కూతురు ఉంది, దానికీ రేపు పెళ్ళి చెయ్యాలి కదా, మళ్ళీ చేస్తాను. మాస్టారు గారూ, బయట సంబంధాలకి చెప్పడం గురించి మీరన్నది నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది, జవాబు లేదు నా దగ్గర, పాపకి ఇంకా 17 ఏళ్ళే. మొదటి యూరిన్ టెస్ట్ మూడు నెలలకి, ఆదివారమే పెట్టుకున్నాం.