అప్‌డేట్: గొడుగు ఎగిరిపోయే బాబాయికి సొంత ఎపిసోడ్

మన కార్టూన్ సిరీస్‌లో, వైజాగ్ ఆర్కే బీచ్ సీన్లలో వెనకాల ఎప్పుడూ “నా గొడుగో!” అని అరిచే మూరీ మిక్చర్ (మరమరాల మిక్చర్) అమ్మే బాబాయి మీద 11 నిమిషాల ఎపిసోడ్ నిలుస్తుందా అని అడిగాను కదా. నిలుస్తుంది, స్టోరీబోర్డు పూర్తయింది.

మీరు చూడమన్న 2018 నాటి స్పాంజ్‌బాబ్ కార్టూన్ ఎపిసోడ్‌లోనే కిటుకుంది. మామూలుగా వెనకాల “మై లెగ్!” అని అరిచే ఫ్రెడ్ అందులో నర్సు కోసం కావాలనే దెబ్బలు తగిలించుకుంటాడు. వెనకాల ఉన్నంతసేపు జోకుకి కారణం అక్కర్లేదు, ముందుకొస్తే కావాలి. మన బాబాయి గొడుగు తాడు తనే వదులుగా కడతాడు: తనతో మాటలు మానేసిన తమ్ముడి బజ్జీల బండి దగ్గర పడాలని!

గాలి సంగతి చూసుకోండి. మధ్యాహ్నం సముద్రపు గాలి ఒడ్డు వైపు వీస్తుంది, కాబట్టి గొడుగు రోడ్డు మీదకే రావాలి. నీళ్లలోకి పంపితే వైజాగ్ వాళ్లు ఊరుకోరు.

సెకనుకి 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మ రెండేసి ఫ్రేములు. ఒకటిన్నర సెకను ఎగరడానికి 18 బొమ్మలు చాలు, మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. అరుపు మాత్రం ప్రతిసారీ కొత్తగా రికార్డు చేయాలి. అదే ఆడియో అతికిస్తే మూడోసారికే నవ్వు చస్తుంది. చివరిసారి గొడుగు కదలదు, అరుపూ లేదు. అక్కడ నేపథ్య సంగీతం వద్దు.