నంబర్ 2 గ్రిప్పర్ అసలు రేటింగ్ కొలవడానికి సాయం కావాలి (తిరుపతి)

కెప్టెన్స్ ఆఫ్ క్రష్ (చేతి పట్టు పెంచుకోవడానికి పిడికిట్లో నొక్కే స్ప్రింగు గ్రిప్పర్లు) నంబర్ 1 (రేటింగ్, అంటే మూయడానికి పట్టే బరువు, 140 పౌండ్లు, దాదాపు 63.5 కిలోలు) పూర్తిగా మూస్తున్నాను. నంబర్ 2 (195 పౌండ్లు) దగ్గరే చిక్కు. రెండో చేత్తో నొక్కి పిడులను సమాంతరంగా తెచ్చి మొదలుపెట్టినా, చివర్లో కాస్త సందు మిగిలిపోతోంది. మధ్యలోది, 1.5 (167.5 పౌండ్లు), కొనేముందు నా నంబర్ 2 నిజంగా ఎంత గట్టిదో తెలియాలి. ఒకే నంబరులోనూ స్ప్రింగుకీ స్ప్రింగుకీ తేడా ఉంటుంది కదా.

పద్ధతి తెలుసు: ఒక పిడిని వైసులో (వస్తువును దవడల మధ్య బిగించి పట్టే పనిముట్టు) బిగించి, రెండో పిడి చివర అంగుళం వెడల్పు పట్టీ వేసి, పిడులు తాకేదాకా జిమ్ము బరువు ప్లేట్లు వేలాడదీయాలి. పట్టీ స్ప్రింగు వైపు కొద్దిగా జరిగినా ఎక్కువ బరువు పడుతుంది, రేటింగ్ ఉత్తినే పెరుగుతుంది. అది జారకుండా మీరేం చేస్తున్నారు? అల్యూమినియం పిడి గరుకు నలగకుండా వైసు దవడల మధ్య తోలుముక్క పెడితే పట్టు సరిపోతుందా?

రేణిగుంట రోడ్డు వైపు ఇందుకు ఒప్పుకునే లేత్ షాపు ఏదైనా ఉందా? 90 కిలోల ప్లేట్లు అక్కడికి మోయడం కన్నా వైసునే జిమ్ముకు తేవడం నయమేమో! 60 కిలోలు అని ముద్రించిన ప్లాస్టిక్ సర్దుబాటు గ్రిప్పర్లతో పోల్చి మాత్రం చెప్పకండి.