“నెమ్ము చేసింది” అంటే ఏమిటి?

ప్రశ్న (చీపురుపల్లి నుంచి ఒక సభ్యురాలు): పిల్లలకు దగ్గు ముదిరి డొక్కలు ఎగరేస్తుంటే మా వైపు “నెమ్ము చేసింది” అంటారు. పత్రికలు మాత్రం “న్యుమోనియా” అనే రాస్తాయి. గోడకెక్కే నెమ్మూ ఈ నెమ్మూ ఒకటేనా?

సమాధానం (శ్రీకాకుళం నుంచి): ఒకటేనండి, రెండు చోట్లా చెమ్మ అనే అర్థమే. ఈ మాట రోగక్రిమి గురించి ఏమీ చెప్పదు; క్రిమిని ఎదుర్కొనే క్రమంలో ఊపిరితిత్తికి ఏమైందో చెబుతుంది. దాని విలువ నాకు అక్కడే కనిపిస్తుంది.

మన ఊపిరితిత్తుల్లో 30 కోట్లకు పైగా గాలి గదులున్నాయి. గాలికీ నెత్తురుకూ మధ్య గోడ చాలా చోట్ల ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా పలచన కాబట్టి, అక్కడ కాపలా ఉండే మాక్రోఫేజ్ కణాలు లోపలికొచ్చిన ప్రతి దుమ్ము రేణువుకూ రెచ్చిపోతే (నూర్పుల రోజుల్లో కళ్లంలో నిలబడ్డవారికి ఆ దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు) మనిషికి ఊపిరాడదు. అందుకే గదుల లోపొర కణాలు సీడీ200 అనే ప్రోటీన్‌తో వాటిని నిత్యం అదుపులో పెడతాయి. గదులు ముడుచుకుపోకుండా కాపాడే పూత అయిన సర్ఫాక్టెంట్‌లోని ఎ, డి ప్రోటీన్ల తీరు మరీ ముచ్చటైనది: క్రిమి లేనప్పుడు అవి తమ తల భాగంతో మాక్రోఫేజ్ మీది సిర్ప్-ఆల్ఫా అనే, సంకేతాలు అందుకునే గ్రాహకాన్ని తాకి దాన్ని శాంతపరుస్తాయి, ఆ తలే క్రిమిని పట్టుకున్నప్పుడు తోక భాగం మాక్రోఫేజ్‌కు అంది దాన్ని ఉసిగొల్పుతుంది.

క్రిములను గుర్తుపట్టే టోల్ తరహా గ్రాహకాలు కూడా మేల్కొంటే (ఈ రంగంలో కృషికే శాస్త్రవేత్తలు హాఫ్‌మన్, బాయిట్లర్‌లకు 2011లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది) సైటోకైన్లు అనే సంకేత ప్రోటీన్లు వెలువడి, నెత్తురులోంచి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు వచ్చిపడతాయి. వాటికి దారి ఇవ్వడానికి సడలిన రక్తనాళాల నుంచి నెత్తురులోని ద్రవభాగమైన ప్లాస్మా గదుల్లోకి ఊరుతుంది. నెమ్ము అదే.

క్రిమి అణిగాక న్యూట్రోఫిల్స్ తమంతట తామే చనిపోతాయి, మాక్రోఫేజ్‌లు వాటిని మింగి ఐఎల్-10 వంటి శాంతపరిచే సంకేతాలు విడుదల చేస్తాయి. లోపొర సోడియంను లాక్కుంటే గదుల్లో ఊరిన నీరు దాని వెంట పోతుంది.

మరో సభ్యుడు (విజయనగరం): అలాగైతే “రోగనిరోధక శక్తి పెంచుకోండి” అనే ప్రకటనల మాట తప్పేనా?

సమాధానం: సగం మాట అంటాను. పెంచడం ఒక్కటే చాలితే, 2020లో బ్రిటన్‌లో జరిగిన “రికవరీ” అనే మందుల పరీక్షలో, రోగనిరోధక స్పందనను తగ్గించే డెక్సామెథసోన్ అనే మందు ఆక్సిజన్ మీదున్న కోవిడ్ రోగుల మరణాలను తగ్గించి ఉండేది కాదు. ఆక్సిజన్ అవసరం పడని వారికి మాత్రం ఆ మందు వల్ల మేలు కనబడలేదు కనుక, అణచడమూ అన్ని వేళలా మంచిది కాదు. “శక్తి” అనే మాటకు ఎక్కువా తక్కువా తప్ప ఎప్పుడు, ఎంతసేపు అన్న ఊహ లేదు.

ఇక వాడుకలో ఒక జాగ్రత్త. “ఊపిరితిత్తికి నీరు పట్టింది” అనేది తరచుగా ఊపిరితిత్తి చుట్టూ ఉన్న పొరల మధ్య చేరిన నీరు; నెమ్ము లోపలిది. మామూలు కఫాన్నీ నెమ్మనే వారున్నారు కనుక, రాతలో న్యుమోనియా పక్కన నెమ్మును కూడా ఉంచాలే గాని, దాని స్థానంలో నెమ్ము ఒక్కటే రాయకూడదని నా అభిప్రాయం.