ముస్టాంగ్ జీటీ: సౌండ్ కోసం రెజొనేటర్ కోయించాలా, సైలెన్సర్లు మార్చాలా, అసలు ముట్టుకోకూడదా?

ఎండాడ_వీ8 (చర్చ మొదలుపెట్టినవారు)

కారు 2017 ముస్టాంగ్ జీటీ. 5.0 లీటర్ల వీ8, 6 గేర్ల ఆటోమేటిక్, ఎగ్జాస్ట్ మొత్తం కంపెనీదే. కావలసింది స్టార్ట్ చేయగానే గుడగుడ, 4,000 ఆర్‌పీఎం దాటాక కాస్త గొంతు. అక్కర్లేనిది ఆనందపురం రోడ్డులో 90 మీద వెళ్తున్నప్పుడు చెవుల్లో హోరు. ఎగ్జాస్ట్ మధ్యలో ఉండే రెజొనేటర్ డబ్బా కోసేసి సూటి పైపు వెల్డ్ చేస్తే చాలని ఒక మాట. వాల్వ్ ఉన్న పూర్తి క్యాట్‌బ్యాక్ (పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్, అదే క్యాట్, తరువాతి ఎగ్జాస్ట్ మొత్తం) తప్ప ఏదీ పనికిరాదని ఇంకో మాట. ఏది చేసినా పోలీసులు పట్టుకుంటారని మూడో మాట. మూడింట్లో ఏది నిజం?

భీమిలి_బెండ్

రెజొనేటర్‌తో మాత్రం మొదలుపెట్టకండి గురూ. పెద్ద సౌండు, మంచి సౌండు రెండూ ఒకటి కాదు. ఎంత గట్టిగా వినపడాలో తేల్చేది వెనక సైలెన్సర్. గరగరని గొరిగేసేది మధ్యలో ఉన్న రెజొనేటర్. మీ కారులో రెండు బ్యాంకుల (నాలుగేసి సిలిండర్ల వరసల) పైపులూ ఒకే రెజొనేటర్ డబ్బాలోంచి వెళ్తాయి. దాన్ని తీసేసి సైలెన్సర్లు అలాగే ఉంచితే సౌండు పెద్దగా పెరగదు, 2,500 నుంచి 3,500 మధ్య రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు మోత మాత్రం వస్తుంది. మొదట వెనక ఉన్న రెండు సైలెన్సర్లు మార్చండి, అంటే యాక్సిల్‌బ్యాక్. రెజొనేటర్ జోలికి వెళ్లొద్దు. మీరడిగిన గుడగుడ అక్కడే దొరుకుతుంది.

ఆటోనగర్_టిగ్

భీమిలి గారు చెప్పింది సగమే. రెజొనేటర్ తీసి సూటి పైపులు రెండు పెడితేనే ఆ గులకరాళ్ల మోత. అక్కడ హెచ్ పైపు (రెండు పైపుల మధ్య అడ్డంగా ఒక గొట్టం) పెడితే కథ వేరు. ఈ ఇంజిన్ క్రాంక్ క్రాస్‌ప్లేన్, అంటే దాని మడతలు 90 డిగ్రీల తేడాతో ఉంటాయి. ఒక్కో బ్యాంకులో పేలుళ్లు సమానంగా రావు, 90, 180, 270 డిగ్రీల తేడాలతో వస్తాయి. వీ8 గుడగుడ పుట్టేది ఆ అసమానతలోంచే. హెచ్ పైపు ఆ తేడాను చాలావరకు అలాగే ఉంచుతుంది, గొంతు బరువుగా ఉంటుంది. ఎక్స్ పైపు రెండు బ్యాంకులనీ కలిపేస్తుంది, గొంతు సన్నబడి పైస్థాయికి పోతుంది. మీరడిగింది గుడగుడ కాబట్టి హెచ్. ఎక్స్ పెట్టించుకుని తరువాత వీ8 లాగా లేదేంటని అడగొద్దు.

ఇంకో మాట. కోసి వెల్డ్ చేయించేటట్టయితే రెండు చివర్లా ఫ్లేంజి గానీ బ్యాండ్ క్లాంప్ గానీ పెట్టించండి, కోసిన పాత రెజొనేటర్ దాచుకోండి. నచ్చకపోతే అరగంటలో వెనక్కి.

సిరిపురం_రూల్స్

ముందు చట్టం సంగతి, ఎందుకంటే దీనిమీద సగం సగం మాటలు ఎక్కువ తిరుగుతున్నాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినదానికి తేడాగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. 2019 సవరణలో వచ్చిన 182ఏ(4) కింద యజమానికి 6 నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ. శబ్దానికి వేరే సెక్షనే ఉంది, 190(2). మొదటిసారికి 3 నెలల వరకు జైలు, లేదా 10,000 దాకా జరిమానా, లేదా రెండూ, ఆపైన 3 నెలలు లైసెన్సుకు అనర్హత. విశాఖలో పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు మీద పరిచి రోలర్‌తో తొక్కించారు కూడా. అవి బైకులవే, నిజమే. కారుకు చట్టమేమీ వేరు కాదు.

మద్దిలపాలెం_ఎం

ఆర్‌సీలో సైలెన్సర్ అనే కాలమే లేదు కదా రూల్స్ గారూ. ఇంజిన్ నంబరు, రంగు, సీట్లు, ఇంధనం ఉంటాయి. సైలెన్సర్ మారిస్తే ఏ వివరం తేడా వచ్చినట్టు? పైగా 74 డెసిబెల్స్ అంటారు, కంపెనీ కారు టిప్ (పైపు చివర) దగ్గర ఫోన్ పెట్టినా 80 దాటుతుంది.

సిరిపురం_రూల్స్

కాలమ్ వాదన 52కి ఎంతో కొంత పనికొస్తుందేమో, 190(2)కి అస్సలు పనికిరాదు. దానికి ఆర్‌సీతో పనే లేదు, శబ్దం ప్రమాణం దాటిందా లేదా అన్నదే ప్రశ్న.

74 సంగతికొస్తే, అది టిప్ దగ్గర కొలిచేది కాదు. 9 సీట్ల లోపు ప్రయాణికుల కారుకు తయారీ దశలో చేసే పరీక్ష అది. కారు సుమారు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చి పూర్తి థ్రాటిల్ ఇస్తూ వెళ్తుంటే 7.5 మీటర్ల దూరంలో మైకు పెట్టి కొలుస్తారు. నిలబెట్టి కొలిచే పద్ధతి వేరు, టిప్ నుంచి అర మీటరు దూరం, 45 డిగ్రీల కోణం. ఆ అంకెను ఈ అంకెతో పోల్చడమంటే కిలోలను లీటర్లతో పోల్చడమే. ఫోన్ మైకు డెసిబెల్స్‌కు నమ్మకం కాదు కూడా.

కేజీహెచ్ లాంటి ఆసుపత్రులు, కాలేజీలు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటించే వీలుంది. రాత్రి 10 తరువాత నివాస ప్రాంతాల్లో పరిమితి 45 డెసిబెల్సే. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయ్యేటప్పుడు ఐడిల్ ఎక్కువుంటుందని గుర్తుంచుకోండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పొద్దున్నే 5 గంటలకు ఆ ఒక్క నిమిషమే ఫిర్యాదు తెచ్చేది, హైవే కాదు.

భీమిలి_బెండ్

అందుకే వాల్వ్. మూసినప్పుడు గ్యాస్ సైలెన్సర్ గదుల్లోంచి పోతుంది, తెరిచినప్పుడు సూటిగా. కొనేటప్పుడు వెనక యూరప్ ‘ఇ’ ముద్ర ఉందో లేదో చూడండి. అది మన దగ్గర అనుమతిపత్రం కాదు, కానీ ఎవరో ఒకరు సరిగ్గా కొలిచి పెట్టారన్న గ్యారంటీ.

ఆటోనగర్_టిగ్

వాల్వ్ మంచిదే, ఈ ఊళ్లో దానికి ఒక జబ్బు ఉంది. ఉప్పుగాలి. రుషికొండ, భీమిలి వైపు ఎక్కువ తిరిగే కారుకు వాల్వ్ ఇరుసు బిగుసుకుంటుంది. ఎప్పుడూ మూసే ఉంచితే మూసుకున్నట్టే ఉండిపోతుంది, ఎప్పుడూ తెరిచే ఉంచితే తెరుచుకున్నట్టే. వారానికోసారి పదిసార్లు తెరిచి మూయాలి. వ్యాక్యూమ్‌తో నడిచేదైతే గొట్టం పగిలినా, మోటారుతో నడిచేదైతే కనెక్టర్‌లోకి తడి చేరినా అంతే సంగతులు. మోటారు టిప్‌కు ఆనుకుని కాకుండా కాస్త ఎడంగా, వేడి కవచంతో ఉన్నది తీసుకోండి.

లోహం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కంపెనీ ఎగ్జాస్టుల్లో ఎక్కువగా వాడేది 409 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు. క్రోమియం 11 శాతం దగ్గర, పైన గోధుమరంగు తుప్పు పడుతుంది గానీ ఏళ్ల తరబడి నిలబడుతుంది. 304లో క్రోమియం 18, నికెల్ 8 శాతం. సముద్రం పక్కన ఇది కావాలి. బజారులో ‘ఎస్‌ఎస్’ అని అమ్మేదాంట్లో చాలా భాగం 200 సిరీస్, నికెల్ తగ్గించి మాంగనీసు కలిపింది. అయస్కాంతం పెట్టి చూస్తే 304 లాగే అంటుకోదు, అందుకే చాలామంది మోసపోతారు. తుక్కు కొనేవాళ్ల దగ్గర చుక్కల మందు, 9 వోల్టుల బ్యాటరీ ఉంటాయి. ఒక చుక్క వేసి కరెంటు తగిలిస్తే రంగు మారి మాంగనీసు బయటపడుతుంది. పైపు కొనేముందు ఆ పని చేయించండి.

వెల్డింగ్ మీద కూడా షరతులు పెట్టండి. 304కి 304 అయితే 308ఎల్ ఫిల్లర్, 304ను కంపెనీ 409 పైపుకు అతికితే 309ఎల్. మామూలు ఇనుప రాడ్డుతో ఆర్క్ కొడితే అతుకు చుట్టూ ఒక్క వానాకాలంలోనే ఎర్రటి గీత. పైపు లోపల కూడా ఆర్గాన్ పంపాలి. పంపకపోతే అతుకు లోపలి వైపు పంచదార కాలినట్టు నల్లగా బుడిపెలు కడుతుంది, పగులు మొదలయ్యేది అక్కడే. కారు మీదే వెల్డ్ చేస్తే ముందు బ్యాటరీ నెగటివ్ తీయాలి, దగ్గర్లో ఉన్న ఆక్సిజన్ సెన్సర్లు విప్పాలి, ఎర్త్ క్లాంప్ వెల్డ్ చేసే పైపుకే పెట్టాలి. బాడీకి పెట్టి దూరంగా వెల్డ్ చేస్తే కరెంటు ఏ దారిన పోతుందో ఎవరూ చెప్పలేరు.

మద్దిలపాలెం_ఎం

క్యాట్ కూడా తీసేస్తే అసలు సౌండు అదే కదా? బీఎస్4 కారే, బీఎస్6 కాదుగా.

భీమిలి_బెండ్

వద్దు తమ్ముడూ. క్యాట్ తీస్తే వచ్చేది పెట్రోలు కంపు, వెనక సెన్సర్ల నుంచి పీ0420, పీ0430 కోడ్లు, డాష్‌లో ఇంజిన్ లైటు. పొల్యూషన్ సర్టిఫికెట్‌కు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు, క్యాట్ లేకుండా అది కల. క్యాట్‌బ్యాక్ అనే మాటకు అర్థమే క్యాట్ తరువాతి భాగమని, ముందుభాగం ముట్టుకోవద్దని.

ఎండాడ_వీ8

క్యాట్ ముట్టుకోను. హోరు సంగతి ఎవరూ తేల్చలేదు. అందరూ ‘డ్రోన్ (అదే ఆ హోరు) ఉండదు’ అనే అమ్ముతారు.

ఆటోనగర్_టిగ్

డ్రోన్ ఉంటుందో లేదో లెక్క కట్టొచ్చు గురూ. ఈ ఆటోమేటిక్ ఆరో గేరులో 90–100 మీద సుమారు 1,600 నుంచి 1,900 దాకా తిరుగుతుంది. వీ8లో ఒక్కో చుట్టుకు 4 పేలుళ్లు. 1,800 అంటే సెకనుకు 30 చుట్లు, 120 హెర్ట్జ్. కారు గది మోగేది కూడా సరిగ్గా అలాంటి పౌనఃపున్యాల దగ్గరే, అందుకే చెవిలో కాదు, ఛాతీలో కొట్టుకున్నట్టుంటుంది. ఫోన్ డెసిబెల్స్‌కు పనికిరాదన్నారు, నిజమే, పౌనఃపున్యానికి మాత్రం బాగా పనికొస్తుంది. పక్కన కూర్చున్నవాళ్లతో స్పెక్ట్రమ్ యాప్ తెరిపించి, హోరు ఎక్కువున్న వేగంలో ఏ గీత ఎత్తుగా లేస్తుందో రాయించుకోండి.

దానికి మందు జే పైపు. ప్రధాన పైపు పక్కన అదే వ్యాసంతో ఒక గొట్టం అతికి చివర మూసేస్తాం. పొడవు ఆ శబ్ద తరంగంలో నాలుగోవంతు. లోపలికెళ్లిన తరంగం తిరిగొచ్చేసరికి ఎదురు తిరిగి ఉంటుంది, ప్రధాన పైపులోని దాన్ని కొట్టేస్తుంది. 250 డిగ్రీల గ్యాసులో ధ్వని వేగం సెకనుకు 459 మీటర్ల దగ్గర. దాన్ని 4 రెట్ల 120తో భాగిస్తే 95 సెంటీమీటర్లు. కానీ మూసిన గొట్టంలో గ్యాసు కదలదు కాబట్టి చల్లగా ఉంటుంది, వేగం తగ్గుతుంది, కావలసిన పొడవు కూడా తగ్గుతుంది. అందుకని 95తో మొదలుపెట్టి మూత క్లాంప్‌తో బిగించి, 2 సెంటీమీటర్ల చొప్పున కోస్తూ రోడ్డు మీద చూసుకోవాలి. 85 దగ్గర కుదిరినా ఆశ్చర్యం లేదు. కుదిరాకే వెల్డ్.

రెండు బ్యాంకులకు రెండు. టిప్ పక్కన పెడితే దండగ, అక్కడ ఒత్తిడి అల ఉండదు. సైలెన్సర్‌కు ముందు, టిప్ నుంచి మీటరు లోపలికి పెట్టాలి.

సిరిపురం_రూల్స్

ఇంత లెక్క కంటే కంపెనీ సైలెన్సర్ ఉంచుకోవడం సులువు కదా. ఆ ఇంజినీర్లు చేసింది ఇదే.

ఆటోనగర్_టిగ్

అదీ నిజమే, కాదనను. రూల్స్ గారితో ఏకీభవించాల్సి వస్తోంది, రోజు బాగోలేదు.

భీమిలి_బెండ్

నా మాట మార్చను, యాక్సిల్‌బ్యాక్ ఒక్కటే. క్యాట్‌బ్యాక్ మొత్తం 3 అంగుళాలది వేస్తే ఈ ఇంజిన్‌కు పవర్‌లో పెద్దగా కలిసొచ్చేదేమీ లేదు, డ్రోన్ మాత్రం రెట్టింపు. రెండు పైపులూ 2.5 అంగుళాలు చాలు. ఎంచుకునేటప్పుడు గదులున్న సైలెన్సర్ గుడగుడకు, చిల్లుల గొట్టం చుట్టూ ఉన్ని కట్టినది పైస్థాయి గొంతుకు అని గుర్తు. ఉన్ని రకంలో మామూలు గాజు ఉన్ని అయితే ఏడాది రెండేళ్లలో ఎగిరిపోయి సౌండు తనంతట తానే పెరుగుతుంది. బసాల్ట్ ఉన్ని, స్టీలు పీచు కలిపినది అడగండి.

బిగించే వరస: ఎగ్జాస్ట్ పూర్తిగా చల్లారాలి. ముందురోజు సాయంత్రమే నట్ల మీద తుప్పు వదిలే నూనె. కారు నాలుగు స్టాండ్ల మీద, జాకీ మీద కాదు. హ్యాంగర్ రబ్బర్లకు సబ్బునీళ్లు, గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బుతుంది. కొత్త సైలెన్సర్లు వదులుగా తొడిగి, టిప్ చుట్టూ బంపర్‌కు కనీసం 15 మిల్లీమీటర్లు ఖాళీ ఉంచి, ముందునుంచి వెనక్కి బిగించాలి. స్టీలు బోల్టులకు యాంటీసీజ్ (బిగుసుకుపోకుండా ఆపే పేస్టు) పూయకపోతే మరోసారి విప్పేటప్పుడు తెగుతాయి. తరువాత టిప్‌లోంచి బ్లోయర్ గాలి కొట్టి అతుకుల మీద సబ్బునీళ్లు చల్లండి, బుడగ కనిపించిన చోట లీకు. ఇంజిన్ బాగా వేడెక్కి మళ్లీ చల్లారాక ఇంకోసారి బిగించాలి. టిక్ టిక్ మని వినిపించే లీకు ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు ఉంటే బయటిగాలి లోపలికి లాగి, ఇంజిన్‌కు పెట్రోలు తక్కువైందని తప్పుడు లెక్క ఇస్తుంది.

సైలెన్సర్ కింద 3 మిల్లీమీటర్ల బొక్క ఉంటే దాన్ని మూయించకండి. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఎంవీపీ కాలనీ నుంచి సిరిపురం దాకా వెళ్లొచ్చే ప్రయాణాల్లో సైలెన్సర్ వేడెక్కదు, ఆ నీళ్లు అందులోనే నిలుస్తాయి.

ఎండాడ_వీ8

సరే. యాక్సిల్‌బ్యాక్, గదులున్నది, రెజొనేటర్ అలాగే, పాతవి అటక మీద. ముందు ఇప్పుడున్న సైలెన్సర్లతోనే 1,600 నుంచి 2,000 వరకు స్పెక్ట్రమ్ రాసుకుంటాను, కొత్తవి పెట్టాక పోల్చడానికి. రూల్స్ గారూ, ఇన్సూరెన్స్‌కు చెప్పాలా?

సిరిపురం_రూల్స్

చెప్పాలి, రాతపూర్వకంగా, బిగించడానికి ముందే. వాళ్లు ఒప్పుకున్న కాగితం పాలసీతో పాటు పెట్టుకోండి. చెప్పకుండా ఉంటే రేపు కారు వెనక గుద్దుకున్నప్పుడు వాళ్ల సర్వేయర్ మొదట ఫొటో తీసేది ఆ టిప్పులనే.