పొమ్మనుటే చాలా, పొమ్మనుటే చావా?

తెనాలి పాఠకురాలు:

సభ్యులందరికీ నమస్కారం. పది రోజులుగా వేమన పద్యంలోని ఒక పాదం నన్ను వదలడం లేదు. మా ఊరి పాఠకుల బృందంలో వచ్చే నెల సూపర్‌మ్యాన్ గురించి మాట్లాడతానని ఒప్పుకున్నాను. 1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు క్లీవ్‌లాండ్ యువకులు లోకానికిచ్చిన ఆ పాత్ర మీద ఈ కాలపు ప్రేక్షకులకు ఒకటే ఫిర్యాదు ఉంది. మచ్చ లేని మంచివాడిలో కథ ఏముంటుందని వారు అడుగుతున్నారు. 2025లో వచ్చిన చిత్రాన్ని నేను హాల్లోనే చూశాను. పెద్ద జంతువుతో పోరాడుతూ, మధ్యలో అతను ఒక ఉడుతను తీసుకెళ్ళి ప్రమాదం లేని చోట దించినప్పుడు మా వెనక వరుసల్లో కొందరు ఎగతాళిగా నవ్వారు. ఆ నవ్వుకు సమాధానంగా నా ప్రసంగాన్ని ఈ పద్యంతో మొదలుపెడదామనుకున్నాను.

చంపదగిన యట్టి శత్రువు తనచేత
చిక్కెనేని కీడు సేయరాదు
పొసగ మేలు జేసి పొమ్మనుటే చాలు
విశ్వదాభిరామ వినురవేమ

నాకు బడిలో వచ్చిన పాఠం "చాలు". కాని మా మేనమామ గారు జీవితాంతం "పొమ్మనుటే చావు" అనే చదివేవారు. నేను దిద్దబోతే, "అది చాలు కాదమ్మా, వాడికి అదే చావు" అని గట్టిగా చెప్పేవారు. ఒక్క అక్షరం మారితే పద్యం మొత్తం మరో దారిన పోతోంది. వీటిలో ఏది సరైన పాఠమో పెద్దలు చెప్పగలరా?

ఛందోభిమాని, రాజమహేంద్రవరం:

ముందుగా ఛందస్సు వల్ల ఇది తేలదని చెప్పాలి. ఆటవెలది మూడో పాదంలో పొసగ, మేలు, జేసి అనేవి మూడు సూర్యగణాలు. పొమ్మను, టేచాలు అనేవి రెండు ఇంద్రగణాలు. "టేచాలు" తగణం, "టేచావు" కూడా తగణమే. యతి పొకారానికి పొకారంతో కుదిరింది కాబట్టి ఆఖరి మాటను అది తాకనే తాకదు. అయితే, కొందరు ఉచ్చరిస్తున్నట్టు "పొమ్మనుటె" అని ఏకారాన్ని కుదిస్తే మాత్రం గణభంగం అవుతుంది. ఇక్కడ దీర్ఘం తప్పనిసరి.

వేమన పద్యాలు చాలాకాలం నోటి మీదనే నడిచాయి. బ్రౌన్ దొర 1829లో అచ్చు వేయించే నాటికే ఒక్కొక్క పద్యానికి ప్రతికొక పాఠం ఉండేది. కనుక అచ్చు పుస్తకంలో ఉన్నదే అసలు పాఠమని నేను వాదించను.

కడప తెలుగు మాస్టారు:

అమ్మా, మీ మేనమామ గారి పాఠమే నాకు ఇంపుగా ఉంది. వేమన్న మా సీమ కవి. ఆయన సమాధి ఉన్న కటారుపల్లికి నేను నా విద్యార్థులను ఎన్నోసార్లు తీసుకెళ్ళాను. ఆయన పద్యంలో మొదటి రెండు పాదాలు నేల చదును చేస్తాయి, మూడోది కొడవలిలా తెగుతుంది. "చాలు" అన్న చోట ఆ కోత లేదు. "చావు" అన్నప్పుడు మొదటి పాదంలోని "చంప" అన్న మాటకు మూడో పాదంలో జవాబు దొరుకుతుంది, చంపదగినవాణ్ణి చంపే పద్ధతి ఇదీ అని. వాక్యం కట్టులో కూడా "పొమ్మనుటే" అన్న ఏకారం "అదే వాడికి చావు" అన్నప్పుడు బలంగా నిలబడుతుంది.

ఇక్కడ చావు అంటే ప్రాణం పోవడం కాదు. "సిగ్గుతో చచ్చిపోయాను" అని మనం రోజూ అంటూనే ఉంటాం. చంపుతాడని ఎదురుచూసినవాడు మేలు చేసి పంపిస్తే, వచ్చినవాడిలో శత్రువు చచ్చిపోతాడు, మనిషి ఇంటికి వెళ్తాడు. ఇది నలభై ఏళ్ళుగా నేను తరగతిలో చెబుతున్న అర్థం.

విశాఖ సినిమా పాఠకుడు:

మాస్టారి మాట విన్నాక నాకు 2013లో వచ్చిన మ్యాన్ ఆఫ్ స్టీల్ చిత్రం చివరి ఘట్టం గుర్తుకు వచ్చింది. అక్కడ జాడ్ అనే శత్రువు అక్షరాలా "తనచేత" చిక్కుతాడు, అతని మెడ సూపర్‌మ్యాన్ చేతుల మధ్యనే ఉంటుంది. ఎదురుగా గోడకు ఆనుకుని ఒక కుటుంబం నిలబడి ఉంటుంది, జాడ్ చూపులోని మంట వారి వైపు జరుగుతూ ఉంటుంది. సూపర్‌మ్యాన్ ఆ మెడ విరిచేస్తాడు, ఆ వెంటనే మోకాళ్ళ మీద కూలి కేక వేస్తాడు. ఆ దృశ్యం మీద పన్నెండేళ్ళు దాటినా వాదాలు ఆగలేదు. సమర్థించేవారు వేరే దారి లేదంటారు. నేను మాత్రం, వేరే దారి లేకుండా కథ రాసుకున్నది ఎవరని అడుగుతాను. వేమన చెప్పినది కూడా అటువంటి శత్రువు గురించే. "చంపదగిన యట్టి" అని మొదటే ఒప్పుకుని, అయినా కీడు సేయరాదన్నాడు.

నా అనుమానం వేరే ఉంది. ఈనాటి ప్రేక్షకుడు "చావు" పాఠాన్ని వెంటనే ఒప్పుకుంటాడు, "చాలు" పాఠాన్ని ఒప్పుకోడు. మేలు చేయడం కూడా ఒక దెబ్బే అని తెలిస్తే అతనికి తృప్తి కలుగుతుంది. మేలు చేసి ఊరుకున్నాడంటే మాత్రం, ఏదో దాస్తున్నాడని అనుకుంటాడు.

తెనాలి పాఠకురాలు:

విశాఖ వారూ, నేను పది రోజులుగా వెతుకుతున్న వాక్యం మీరు చెప్పారు. మాస్టారూ, మీ మీద గౌరవంతోనే "చాలు" పక్షాన ఒక్క మాట మనవి చేస్తాను. మనమంతా చివరి అక్షరాన్నే చూస్తున్నాం కాని, పాదం మొదట్లో ఉన్న "పొసగ" అన్న మాటను ఎవరూ పట్టించుకోలేదు. టీకల్లో దానికి "తగినట్లుగా" అని రాసి వదిలేస్తారు. మా ఇళ్ళల్లో ఇప్పటికీ "వాళ్ళిద్దరికీ పొసగదు" అంటాం. పొసగడం అంటే ఇద్దరి మధ్య కుదరడం. పొసగ మేలు చేయడమంటే, రేపు ఆ ఇద్దరూ ఒకే ఊళ్ళో ఎదురుపడితే తల తిప్పుకోనక్కర లేనట్టుగా చేయడమని నేను అర్థం చేసుకున్నాను. లోపల వాణ్ణి సిగ్గుతో చంపాలని ఉంటే అది పొసగే మేలు ఎలా అవుతుంది?

మరొకటి. "చావు" అని చదివితే మన చూపు శత్రువు మీద ఉంటుంది, వాడు ఏమయ్యాడా అని. "చాలు" అని చదివితే మేలు చేసినవాడి మీద ఉంటుంది. అతనికి ఇంకేమీ అక్కర్లేదు, శత్రువు మారాలని కూడా అతను అడగలేదు. సూపర్‌మ్యాన్‌ని నేను ప్రేమించేది అందుకే. 1978 చిత్రంలో క్రిస్టోఫర్ రీవ్ చెట్టు మీద చిక్కుకున్న పిల్లిని దించి ఒక చిన్నపిల్ల చేతికిచ్చి వెళ్ళిపోతాడు. ఆ పిల్లి వల్ల కథ ఒక్క అడుగు ముందుకు కదలదు. పిల్లి దిగింది, చాలు.

డాలస్ వాసి:

అక్కగారూ, ఈ చర్చకు సుమతీ శతకం ఇంకా దగ్గరగా వస్తుందని నాకు అనిపిస్తోంది. "అపకారికి నుపకారము నెపమెన్నక సేయువాడు నేర్పరి సుమతీ" అన్నదాంట్లో "నెపమెన్నక" అన్న మాట చూడండి. నెపం అంటే సాకు, కారణం. ఏ కారణమూ లెక్కపెట్టుకోకుండా మేలు చేసేవాడని నేను చదువుకుంటాను. ఇక్కడ నా పిల్లలతో కలిసి ఈ సూపర్ హీరోల చిత్రాలన్నీ చూస్తుంటాను. బ్యాట్‌మ్యాన్‌కు కళ్ళెదుట తల్లిదండ్రుల హత్య ఒక నెపం, స్పైడర్‌మ్యాన్‌కు బాబాయి మరణం ఒక నెపం. మన తెలుగులో 1980లో రామారావు గారు సూపర్‌మ్యాన్‌గా నటించిన చిత్రంలో కూడా, తల్లిదండ్రులను చంపినవారి మీద పగ తీర్చుకోవడమే కథ. హనుమంతుడు వరమిచ్చినా, ఆ బలానికి ఒక పగ తోడైతే తప్ప కథ కదలలేదు. మన సినిమాల్లో ఫ్లాష్‌బ్యాక్ అన్నది చాలావరకు నెపానికి మరో పేరే.

2025 చిత్రంలో నన్ను కదిలించిన సంగతి ఇదే. వేరే గ్రహానికి చెందిన తన కన్నవారు లోకానికి మేలు చేయమని పంపారని సూపర్‌మ్యాన్ నమ్ముకుని ఉంటాడు. ఆ సందేశంలో చెడిపోయిన మిగతా భాగం బయటపడితే, వాళ్ళు చెప్పింది ఈ భూమిని ఏలుకోమని. అంటే అతనికి ఉన్న ఒక్క నెపం కూడా ఊడిపోయింది. అయినా అతను మర్నాడు మళ్ళీ మేలే చేస్తాడు. మా పెద్దమ్మాయి, "అయితే అతను ఎందుకు మంచివాడు నాన్నా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నాకు నెపమెన్నక అన్న మాట తప్ప మరొకటి తోచలేదు.

ఛందోభిమాని, రాజమహేంద్రవరం:

డాలస్ వారి భావం బాగుంది కాని, అన్వయం మీద నాకు అభ్యంతరం ఉంది. నెపం అంటే కారణం ఒక్కటే కాదు, తప్పు కూడా. "నెపం నా మీదికి నెట్టాడు" అంటాం కదా. అపకారికి ఉపకారం చేసే సందర్భంలో "నెపమెన్నక" అంటే అతని తప్పు ఎంచకుండా అనే అర్థమే ముందుగా వస్తుంది. ఎన్నడం అన్న క్రియ కూడా తప్పులెన్నడం దగ్గరే మనకు ఎక్కువగా వినిపిస్తుంది.

పాత్ర గురించి కూడా ఒక చిన్న సవరణ చెప్పాలి. 1938 నాటి తొలి కథలో సూపర్‌మ్యాన్ ఇంత సౌమ్యుడు కాడు. భార్యను కొడుతున్నవాణ్ణి గోడకేసి విసిరాడు, రాజధానిలో లంచాల దళారీని టెలిఫోన్ తీగల మీదికి ఎత్తుకెళ్ళి గడగడలాడించాడు. అంతకుముందు 1933లో ఆ ఇద్దరు మిత్రులే ఇదే పేరుతో రాసిన కథలోనైతే ఆ పేరు గలవాడు దుర్మార్గుడు. మచ్చలేనితనం ఆ పాత్రకు పుట్టుకతో రాలేదు.

తెనాలి పాఠకురాలు:

అయ్యా, ఆ సవరణ నా వాదానికి బలమే ఇస్తోంది. దుర్మార్గుడి కథ రాసి చూసిన ఆ ఇద్దరు యువకులే దాన్ని పక్కన పెట్టి మంచివాణ్ణి ఎంచుకున్నారు. వలస వచ్చిన యూదు కుటుంబాల్లో పుట్టి, ఆర్థిక మాంద్యం నడిమధ్యలో పెరిగినవారు వాళ్ళు. లోకం ఎంత చెడ్డదో వాళ్ళకు తెలియదని ఎవరూ అనలేరు. మంచి పాత్రను అమాయకత్వమని నవ్వేవారు ఈ సంగతి తెలుసుకోవాలని నా కోరిక. "తనచేత చిక్కెనేని" అన్న షరతు కూడా అటువంటిదే. చేతకానివాడి ఓర్పును వేమన మెచ్చుకోవడం లేదు. పిడికిలి బిగిస్తే చాలన్న స్థితిలో ఉండి బిగించనివాడి గురించి చెబుతున్నాడు.

కడప తెలుగు మాస్టారు:

అమ్మా, "పొసగ" గురించి మీరన్నది ఈ రాత్రంతా ఆలోచిస్తాను. ఇన్నేళ్ళుగా దాన్ని పాదపూరణ అనుకుంటూ వచ్చాను. అయినా "చావు"ను ఇప్పుడే వదులుకోలేను. కాని మేలుకు కారణం అడగని మనిషి కావాలంటే, వేమన్న కంటే పోతన్న దగ్గరికి పోవాలి. ఆయన భాగవతం నవమస్కంధంలో రంతిదేవుడు అనే రాజు నలభై ఎనిమిది రోజులు నీళ్ళు కూడా లేక ఉండి, దొరికిన అన్నమంతా అడిగినవారికిచ్చి, చివరికి మిగిలిన నీళ్ళు నోట పోసుకోబోయే వేళ దప్పికతో ఒక పుల్కసుడు, అంటే ఆనాడు తక్కువగా చూసిన కులంవాడు, వస్తాడు. "అన్నము లేదు, కొన్ని మధురాంబువు లున్నవి, త్రావుమన్న, రావన్న" అని పిలుస్తాడు ఆ రాజు. ఆపదలో ఉన్నవారికి సుఖం కలిగించడం కంటే నాకు వేరే మేలు ఉన్నదా అంటాడు. ఈ పద్యాన్ని నేను తరగతిలో ఒక్కసారి కూడా గొంతు పట్టుకోకుండా పూర్తి చేయలేదు. మహారాజు కులం చూడకుండా అతన్ని రెండుసార్లు "అన్నా" అన్నాడు.

ఛందోభిమాని, రాజమహేంద్రవరం:

మాస్టారూ, రెండుసార్లు అన్నది నాకు సందేహమే. రెండో పాదం మొదట ఉన్న "వన్న" ప్రాసస్థానంలో పడింది. అన్నము, వన్న, గ్రన్నన, లున్నదె అని నాలుగు పాదాల్లోనూ ద్విత్వ నకారం కావాలి కాబట్టి, అక్కడ "అన్న" ప్రాస కోసం వచ్చిందని ఎవరైనా అనవచ్చు.

కడప తెలుగు మాస్టారు:

ఆ మాట అనేవారు మొదటి పాదం చివర చూడాలి. "త్రావుమన్న" అన్నచోట ప్రాస లేదు, యతి లేదు. ఛందస్సు అడగని చోట పోతన్న తనంతట తానే "అన్న" అని వేశాడు. అది నెపమెన్నక వేసిన అన్న.

డాలస్ వాసి:

మాస్టారూ, "త్రావుమన్న"ను "త్రాగుము అని అన్న" అని విడదీసి చదివేవారిని ఒకరిని నేను విన్నాను. అలా విడదీస్తే మొదటి "అన్న" సంబోధన కాకుండా పోతుంది కదా?

తెనాలి పాఠకురాలు:

అలా విడదీస్తే "అన్న" తర్వాత "రా" ఎవరిని పిలుస్తున్నట్టు? అక్కడ వాక్యం తెగిపోతుంది. నేను రేపు గ్రంథాలయంలో భాగవతం పాత ప్రతి తీసి, ఆ పద్యం టీక చూసి ఇక్కడ రాస్తాను. వేమన శతకం కూడా పక్క బీరువాలోనే ఉంది, దాన్నీ చూస్తాను.